తలుపు లోపలివైపు మోషన్ సెన్సర్: బిగింపు, వైరింగ్, సెట్టింగులు

కార్డు చూపిస్తేనో, వేలు పెడితేనో తెరుచుకునే తలుపులు ఇప్పుడు హైదరాబాద్, విశాఖపట్నం ఆఫీసుల్లోనే కాకుండా జిల్లా కేంద్రాల్లోని డయాగ్నస్టిక్ సెంటర్లలోనూ, కోచింగ్ సంస్థల్లోనూ, బంగారు దుకాణాల లోపలి గదుల్లోనూ కనిపిస్తున్నాయి. లోపలికి వచ్చేవారిని ఆపడానికి పెట్టిన ఈ తాళం బయటికి వెళ్లేవారిని ఆపకూడదు. అందుకే తలుపు లోపలివైపు ఒక ఎగ్జిట్ బటన్ పెడతారు. కానీ చేతుల నిండా ఫైళ్లు ఉన్నవారికి, చంటిబిడ్డను ఎత్తుకున్నవారికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి బటన్ నొక్కడం కష్టం. మనిషి తలుపు దగ్గరికి రాగానే గుర్తించి తాళాన్ని వదిలించే మోషన్ సెన్సర్ వారికి ఎంతో సౌకర్యంగా ఉంటుంది. ఒంటి రెక్క తలుపు, దాని పైన 280 కిలోల పట్టు ఉన్న ఈఎం లాక్ (విద్యుదయస్కాంత తాళం), బయట ఒక కార్డు రీడర్, లోపల తాళాన్ని నడిపే ఒక కంట్రోలర్, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీతో 12 వోల్టుల పవర్ సప్లై ఉన్న ఏర్పాటును ఉదాహరణగా తీసుకుని, సెన్సర్ ఎంపిక నుంచి చివరి పరీక్ష వరకు ఇక్కడ వివరిస్తాను.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో ఖాయం చేసుకోవాలి. సెన్సర్ సౌకర్యం కోసమే, ప్రాణరక్షణకు దానిమీద ఒక్కదానిమీదే ఆధారపడకూడదు. సెన్సర్ చెడిపోయినా, కంట్రోలర్ హ్యాంగ్ అయినా, కరెంటు పోయినా, వైరు తెగినా, ఏది జరిగినా తలుపు తెరుచుకునే వైపే ఒరిగేలా మొత్తం వైరింగ్ ఉండాలి. న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో 1911 మార్చి 25న జరిగిన అగ్నిప్రమాదంలో 146 మంది చనిపోయారు; అక్కడి ఒక మెట్లదారి తలుపుకు తాళం వేసి ఉండటం అన్ని ప్రాణాలు పోవడానికి ఒక ముఖ్య కారణం. దాని తర్వాత 1913లో అమెరికాలో ఏర్పడిన భద్రతా కమిటీ పని నుంచే నేటి ఎన్‌ఎఫ్‌పీఏ 101 అనే ప్రాణ భద్రతా ప్రమాణం పుట్టింది. మన జాతీయ భవన నియమావళి కూడా నిష్క్రమణ తలుపులు లోపలి నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలనే చెబుతుంది. కింద చెప్పే ప్రతి కనెక్షన్‌ను ఈ దృష్టితోనే చదవండి.

తాళం ఏ రకమో ముందు చూడండి

ఈఎం లాక్‌కు కరెంటు ఉన్నంతసేపే పట్టు ఉంటుంది, కరెంటు తీసేస్తే వదిలేస్తుంది. లోపల హ్యాండిల్ తిప్పినా ఈ తాళం రాదు కాబట్టి సెన్సర్ లేదా బటన్ దాని కరెంటును తెంచాలి. ఎలక్ట్రిక్ స్ట్రైక్ (తాళం నాలుక దిగే చోట ఫ్రేములో ఉండే, కరెంటుతో పనిచేసే గడియ) ఉన్న తలుపు సంగతి వేరు. అక్కడ లోపలివైపు హ్యాండిల్ తిప్పితే మామూలు తలుపులాగే తెరుచుకుంటుంది. సెన్సర్ చేయాల్సిందల్లా లోపలి మనిషే తలుపు తీస్తున్నాడని కంట్రోలర్‌కు తెలియజేసి, బలవంతంగా తెరిచారనే అలారం మోగకుండా చూడటం. ఈ రెండో రకం తలుపుకు సెన్సర్‌తో తాళం కూడా తెరిపిస్తే, లోపల ఎవరు అటూ ఇటూ నడిచినా బయటివైపు తాళం ఊడుతుంది. మంచి కంట్రోలర్లలో ఎగ్జిట్ సిగ్నల్ వచ్చినప్పుడు తాళం తెరవాలా, అలారం మాత్రమే ఆపాలా అని అడిగే సెట్టింగు ఉంటుంది. హ్యాండిల్‌తో తెరుచుకునే తలుపుకు రెండోది ఎంచుకోవాలి. సర్వర్ గది, క్యాష్ గది వంటి చోట్ల నా ఓటు ఎప్పుడూ హ్యాండిల్ ఉన్న తాళానికే, ఎందుకంటే అక్కడ బయటికి రావడానికి ఏ ఎలక్ట్రానిక్ పరికరం మీదా ఆధారపడనవసరం లేదు.

సెన్సర్ ఎంపిక

ఈ పనికి ఎక్కువగా వాడేది పీఐఆర్ సెన్సర్, అంటే వేడి కిరణాలను బట్టి కదలికను గుర్తించేది. మనిషి శరీరం సుమారు 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా వేడి కిరణాలను వెలువరిస్తుంది. సెన్సర్ ముందున్న గరుకు ప్లాస్టిక్ లెన్సు గదిని చిన్న చిన్న పట్టీలుగా విభజించి చూస్తుంది. వెనకున్న గోడకంటే భిన్నమైన వేడి గల వస్తువు ఒక పట్టీ నుంచి మరో పట్టీలోకి కదిలినప్పుడు సెన్సర్ స్పందిస్తుంది. దీనివల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. పట్టీలను అడ్డంగా దాటే మనిషిని ఇది చప్పున గుర్తిస్తుంది, నేరుగా తనవైపు నడిచి వచ్చే మనిషిని కొంచెం ఆలస్యంగా గుర్తిస్తుంది. రెండోది, కదలకుండా నిలబడితే దానికి మనిషి కనిపించనట్టే.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. మనిషి చర్మం పైన వేడి 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో ఏసీ లేని వరండాలోనో, రేకుల కప్పు కింద గోదాములోనో గోడలు, నేల కూడా దాదాపు అంతే వేడెక్కితే సెన్సర్‌కు మనిషికీ గోడకీ తేడా తెలియదు. చలికాలంలో మూడు మీటర్ల దూరం నుంచి గుర్తించిన సెన్సర్ ఎండాకాలం మధ్యాహ్నం మనిషి తలుపు ముందుకు వచ్చి చేయి ఊపితే గాని స్పందించకపోవడానికి కారణం ఇదే. ఉష్ణోగ్రతను బట్టి సున్నితత్వాన్ని తానే సర్దుకునే సెన్సర్‌ను కొంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. మంటలు లేచి గది వేడెక్కినప్పుడు కూడా ఇదే జరగవచ్చు; బటన్ ఎందుకు తప్పనిసరో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

మైక్రోవేవ్ సెన్సర్‌కు వేడితో పని లేదు, కదలికను నేరుగా పసిగడుతుంది. అయితే ఆ తరంగాలు గాజులోంచి, జిప్సం గోడలోంచి దూసుకుపోతాయి. గాజు తలుపు లోపల మైక్రోవేవ్ ఒక్కటే పెడితే బయట కారిడార్‌లో నడిచే మనిషికి కూడా తాళం తెరుచుకుంటుంది. పీఐఆర్ పట్టుకునే వేడి కిరణాలు మామూలు గాజును దాటలేవు కాబట్టి గాజు తలుపులకు పీఐఆర్ సురక్షితం. రెండూ కలిసి ఉన్న డ్యూయల్ సెన్సర్లలో రెండూ ఒకేసారి ఔనంటేనే రిలే (కాయిల్‌తో నడిచే చిన్న స్విచ్) పనిచేస్తుంది. ఇది తప్పుడు స్పందనలను తగ్గిస్తుంది గాని, పీఐఆర్ మందగించిన రోజున డ్యూయల్ కూడా మందగిస్తుందని గుర్తుంచుకోండి. ఏసీ ఉన్న ఆఫీసుకు, ఎగ్జిట్ పని కోసమే తయారుచేసిన, సన్నని తెరలా కిందికి చూసే పీఐఆర్ సరిపోతుంది. దొంగల అలారానికి వాడే, గది మొత్తం చూసే సెన్సర్‌ను చవకగా దొరికిందని ఇక్కడ బిగించకండి. దాని చూపు విశాలం కావడంతో తలుపు రోజంతా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది.

చేయి దగ్గరగా చూపిస్తే పనిచేసే నో టచ్ బటన్‌ను కూడా మార్కెట్లో సెన్సర్ అనే అమ్ముతారు. అది కొన్ని సెంటీమీటర్ల దూరంలోని చేతిని మాత్రమే గుర్తిస్తుంది. మంచి పరికరమే, కాని దాన్ని తాకనవసరం లేని బటన్‌గా లెక్కించాలి. మనిషి రాకను అది పసిగట్టదు.

ఎక్కడ బిగించాలి

తలుపు లోపలివైపు, ఫ్రేముకు సరిగ్గా పైన, తలుపు వెడల్పుకు మధ్యలో బిగించడం అన్నిటికంటే మంచిది. మామూలు తలుపు ఎత్తు 2.1 మీటర్లు కాబట్టి సెన్సర్ 2.2 నుంచి 2.4 మీటర్ల మధ్యకు వస్తుంది. చూపు నేరుగా తలుపు రెక్క మీద కాకుండా, రెక్కకు ఒక అడుగు ఇవతల నేలను తాకేలా తిప్పాలి. మనిషి హ్యాండిల్ అందుకోబోయేటప్పటికి చేయి, భుజం ఆ తెరలోకి రావాలి. అదే సమయంలో తలుపు పక్కగా కారిడార్‌లో వెళ్లిపోయే మనిషి ఆ తెర బయటే ఉండాలి. లెన్సు వెనకభాగాన్ని తిప్పే చిన్న స్క్రూతో ఈ సర్దుబాటు చేస్తారు. చూపు ఒక పక్కకు ఎక్కువగా పోతుంటే ప్యాకెట్‌లో వచ్చే మాస్కు స్టిక్కర్‌ను కత్తిరించి లెన్సు ఆ భాగానికి లోపలివైపు అంటించాలి. స్టిక్కర్ లేకపోతే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కయినా పనికొస్తుంది.

ఈఎం లాక్ కూడా ఫ్రేము పైభాగంలోనే ఉంటుంది కాబట్టి లాక్ పెట్టె, దాని బ్రాకెట్ సెన్సర్ చూపుకు అడ్డం రాకుండా చూసుకోండి. తలుపు లోపలికి తెరుచుకునే రకమైతే, రెక్క ఊగినప్పుడు దాని పై అంచు సెన్సర్‌కు ఎంత దగ్గరగా వస్తుందో డ్రిల్లు పెట్టకముందే ఒకసారి తెరిచి చూడాలి. గోడ జిప్సం బోర్డుదైతే మామూలు ప్లాస్టిక్ ప్లగ్ పట్టదు, జిప్సం కోసం వచ్చే యాంకర్ వాడాలి. సెన్సర్ వదులుగా ఊగితే తలుపు వేసిన ప్రతిసారీ ఆ అదురుకు దాని చూపు కొద్దికొద్దిగా పక్కకు జరిగిపోతుంది.

చూపు పరిధిలో ఏమేం ఉన్నాయో ఒకసారి కళ్లతో వెతకండి. ఏసీ గాలి నేరుగా సెన్సర్ మీద కొట్టకూడదు. పడమటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ లెన్సు మీద పడకూడదు. రిసెప్షన్‌లో కూర్చునేవారి కుర్చీ పరిధిలో ఉంటే వారు వెనక్కి వాలినప్పుడల్లా తాళం వదులుతుంది. పండుగకు తలుపుకు కట్టే మామిడాకుల తోరణం ఒక సంగతి: ఎండ తగిలి వేడెక్కిన ఆకులు ఫ్యాను గాలికి ఊగితే సెన్సర్‌కు అవి కదిలే వేడి వస్తువులే. దసరా, ఉగాది సమయాల్లో తలుపు దానంతటదే తెరుచుకుంటోందన్న ఫిర్యాదు వస్తే ముందు పైకి తల ఎత్తి తోరణాన్ని చూడాలి. తోరణాన్ని తలుపు బయటివైపు కట్టించడమే దానికి పరిష్కారం.

బల్లులు, సాలీళ్లు కూడా తక్కువేమీ కావు. సెన్సర్ లోపల స్వల్పంగా వెచ్చగా ఉంటుంది, ఎల్ఈడీ వెలుతురుకు చిన్న పురుగులు చేరతాయి, వాటి కోసం బల్లి లెన్సు మీదికే ఎక్కి కూర్చుంటుంది. లెన్సుకు అంత దగ్గర్లో తోక కదిపినా సెన్సర్‌కు అది పెద్ద కదలికే. కేబుల్ లోపలికి వచ్చే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసేయండి, సెట్టింగులు పూర్తయ్యాక ఎల్ఈడీని ఆపేయండి. చాలా మోడళ్లలో ఇందుకు ఒక జంపర్ (బోర్డు మీది పిన్నులను కలిపే చిన్న తొడుగు) ఉంటుంది.

ఫ్రేము లేని గాజు తలుపు అయితే రెక్కకూ గోడకూ మధ్య, రెక్క కింద సందులు ఉంటాయి. బయటి మనిషి ఆ సందులోంచి కాగితం జొనిపి ఊపినా, చల్లని గ్యాసు చిమ్మినా సెన్సర్ మోసపోయే వీలుంది. సందులకు బ్రష్ పట్టీ గాని రబ్బరు పట్టీ గాని వేయించడం, చూపును తలుపు అంచుకు దూరంగా తిప్పడం ఈ ముప్పును చాలావరకు తగ్గిస్తాయి. రాత్రి ఎవరూ ఉండని ఆఫీసులో, చివరి మనిషి వెళ్లాక సెన్సర్ సిగ్నల్‌ను పట్టించుకోవద్దని కంట్రోలర్‌లో టైమ్ షెడ్యూల్ పెట్టే వీలుంటే అదీ వాడుకోవచ్చు. అలా పెట్టినా బటన్, ఎమర్జెన్సీ రిలీజ్ (అత్యవసరంగా తాళం వదిలించే పెట్టె) మాత్రం ఇరవైనాలుగు గంటలూ పనిచేయాలి.

కరెంటు, కేబుల్ లెక్క

230 వోల్టుల లైను పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. మన పని ఆ తర్వాతి 12 వోల్టులది. 280 కిలోల ఈఎం లాక్ 12 వోల్టుల వద్ద సుమారు అర ఆంపియర్ తీసుకుంటుంది. సెన్సర్ వాటా చాలా స్వల్పం. కంట్రోలర్, రీడర్ కలిపి మరో పావు ఆంపియర్ అనుకుందాం. మొత్తం ముప్పావు ఆంపియర్ లోడుకు 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద తొమ్మిది గంటలు రావాలి గాని, వాస్తవంలో ఆరేడు గంటలకు మించి ఆశించకూడదు, పాతబడిన బ్యాటరీకి అందులో సగమే.

కేబుల్ విషయంలో పొదుపు చేస్తే తర్వాత బాధపడాల్సి వస్తుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 37 ఓంల నిరోధం ఉంటుంది. పవర్ సప్లై తలుపుకు 30 మీటర్ల దూరంలో ఉంటే, వెళ్లే తీగ, వచ్చే తీగ కలిపి 60 మీటర్లు, అంటే 2.2 ఓంలు. అర ఆంపియర్ దాని గుండా వెళితే 1.1 వోల్టు దారిలోనే పోతుంది, లాక్‌కు 10.9 మాత్రమే అందుతుంది, పట్టు తగ్గుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ నష్టం 0.4 వోల్టుకు లోపే ఆగుతుంది. లాక్‌కు వేరే లావు తీగ, సెన్సర్‌కు, డోర్ కాంటాక్టుకు (తలుపు తెరిచి ఉందో లేదో చెప్పే అయస్కాంతపు జత) ఆరు తీగల సన్నని కేబుల్ వేయడం సరైన పద్ధతి. మిగిలిపోయిన ల్యాన్ కేబుల్‌తో లాక్‌కు కరెంటు ఇవ్వడం చాలాచోట్ల కనిపించే అలవాటు. సన్నని ఆ తీగలు సిగ్నల్‌కు సరిపోతాయి, లాక్ భారానికి సరిపోవు.

వైరింగ్

సెన్సర్ రిలేకు కామన్, ఎన్‌ఓ, ఎన్‌సీ అని మూడు టెర్మినళ్లు ఉంటాయి. ఈ పేర్లు రిలే కాయిల్‌లో కరెంటు లేని స్థితికి పెట్టినవి. కరెంటు లేనప్పుడు కామన్‌కు కలిసి ఉండేది ఎన్‌సీ, విడిగా ఉండేది ఎన్‌ఓ. చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం.

ఎగ్జిట్ సెన్సర్లలో రిలే ఎలా ప్రవర్తించాలో నిర్ణయించే ఒక డిప్ స్విచ్ (బోర్డు మీది బుల్లి స్విచ్) గాని జంపర్ గాని ఉంటుంది. ఫెయిల్ సేఫ్ పక్కన పెడితే, కదలిక లేనప్పుడు రిలే కాయిల్‌లో కరెంటు ఉంటుంది. మనిషి వస్తే ఆ కరెంటు తెగి కామన్, ఎన్‌సీ కలుస్తాయి. సెన్సర్‌కు సప్లై పోయినా అవే కలుస్తాయి. అంటే సెన్సర్ చనిపోతే కంట్రోలర్‌కు మనిషి నిలబడే ఉన్నట్టు సమాచారం వెళుతుంది. ఫెయిల్ సెక్యూర్ పక్కన పెడితే ఇదంతా తిరగబడుతుంది: మనిషి వచ్చినప్పుడే కాయిల్‌కు కరెంటు వస్తుంది, సెన్సర్ చనిపోతే ఎవరూ లేనట్టే లెక్క. ఈఎం లాక్ ఉన్న తలుపుకు మొదటి పద్ధతినే ఎంచుకుని, కంట్రోలర్‌లోని ఎగ్జిట్ ఇన్‌పుట్‌కు, దాని గ్రౌండ్‌కు సెన్సర్ కామన్, ఎన్‌సీలను కలపాలి. ఎగ్జిట్ బటన్‌ను కూడా అదే ఇన్‌పుట్‌కు సమాంతరంగా ఇవ్వవచ్చు. సప్లై ఇవ్వకముందే మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి కామన్, ఎన్‌సీల మధ్య తాకించి చూడండి, మోగాలి. సప్లై ఇచ్చి, సెన్సర్ స్థిమితపడటానికి ఒక నిమిషం ఆగి, పరిధి నుంచి పక్కకు జరిగి చూస్తే ఆగిపోవాలి. చేయి ఊపగానే మళ్లీ మోగాలి.

ఇంతటితో పని అయిపోయిందని అనుకోకూడదు. చిన్న కంట్రోలర్లు చాలావరకు ఎగ్జిట్ ఇన్‌పుట్ కలిసిన క్షణాన్ని మాత్రమే చూసి, ఐదు సెకన్లు తెరిచి, ఇన్‌పుట్ ఇంకా కలిసే ఉన్నా మళ్లీ మూసేస్తాయి. అప్పుడు సెన్సర్‌ను ఫెయిల్ సేఫ్‌లో పెట్టిన ప్రయోజనమే దక్కదు. దీన్ని తెలుసుకోవడానికి సెన్సర్ సప్లై తీగ ఊడదీసి అర నిమిషం వేచి చూడాలి. తలుపు వదులుగానే ఉంటే సరే. ఐదు సెకన్లకే మళ్లీ పట్టేస్తే, సెన్సర్‌లో రెండో రిలే ఉన్నట్టయితే దాని కామన్, ఎన్‌ఓలను లాక్ ప్లస్ తీగలో వరుసగా కలపాలి. ఫెయిల్ సేఫ్‌లో, కదలిక లేనప్పుడు కాయిల్‌లో కరెంటు ఉంటుంది కాబట్టి ఎన్‌ఓ కలిసే ఉండి లాక్‌కు కరెంటు పారుతుంది. మనిషి వచ్చినా, సెన్సర్ చనిపోయినా తెగుతుంది. దీనికి ముందు ఆ రిలే కాంటాక్టు లాక్ కరెంటును మోయగలదో లేదో సెన్సర్‌తో వచ్చిన కాగితంలో సరిచూసుకోండి.

ఇక లాక్ దారి. పవర్ సప్లై లాక్ అవుట్‌పుట్ ప్లస్ నుంచి బయలుదేరిన తీగ ముందుగా ఫైర్ ప్యానెల్ (భవనపు అగ్ని అలారం పెట్టె) రిలే కాంటాక్టు గుండా, తర్వాత ఎమర్జెన్సీ రిలీజ్ గుండా, అక్కడి నుంచి కంట్రోలర్ రిలే కామన్, ఎన్‌సీల గుండా లాక్‌కు చేరాలి. మైనస్ నేరుగా వెళుతుంది. ఈ వరుసలో ఏ ఒక్క కొస తెగినా లాక్ వదిలేస్తుంది. ఎమర్జెన్సీ రిలీజ్ అంటే తలుపు పక్కన ఉండే ఆకుపచ్చ పెట్టె. దాన్ని కంట్రోలర్ ఇన్‌పుట్‌కు కలిపి చేతులు దులుపుకోకూడదు, లాక్ కరెంటునే అది తెంచాలి. కంట్రోలర్ హ్యాంగ్ అయిన రోజున సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన ఏ బటనూ పనిచేయదు. ఎన్‌ఎఫ్‌పీఏ 101 ఇలాంటి తలుపులకు చేత్తో నొక్కే పరికరాన్ని నేల నుంచి 1,015, 1,220 మిల్లీమీటర్ల మధ్య ఎత్తులో, తలుపుకు 1,525 మిల్లీమీటర్లలోపు ఉంచాలనీ, నొక్కాక కనీసం 30 సెకన్ల పాటు తాళం పడకుండా ఉండాలనీ అంటుంది. మన దగ్గర కూడా ఈ కొలతలను పాటిస్తే ఎవరికీ నష్టం లేదు.

ఫైర్ ప్యానెల్ విషయంలో ఒక పొరపాటు పదేపదే జరుగుతుంది. ప్యానెల్ రిలేతో పవర్ సప్లైకి వచ్చే 230 వోల్టుల లైనును కట్ చేయించి, ఇక తలుపు తెరుచుకుంటుందని అనుకుంటారు. లైను కట్ అయిన మరుక్షణం బ్యాటరీ అందుకుంటుంది, లాక్ గంటల తరబడి పట్టుకునే ఉంటుంది. ఫైర్ కాంటాక్టు ఎప్పుడూ బ్యాటరీ తర్వాత, లాక్‌కు వెళ్లే 12 వోల్టుల తీగలోనే ఉండాలి. అలారం రీసెట్ చేసేదాకా తాళం మళ్లీ పడకూడదు.

లాక్ కాయిల్ నుంచి కరెంటు తెగినప్పుడు పుట్టే వోల్టేజి పోటు రిలే కాంటాక్టులను కాల్చేస్తుంది. దాన్ని అణచడానికి లాక్ టెర్మినళ్ల వద్ద ఎంఓవీ (వోల్టేజి పోటును పీల్చుకునే చిన్న భాగం) పెట్టాలి, కొన్ని లాకుల్లో అది లోపలే ఉంటుంది. డయోడ్ పెట్టినా పోటు ఆగుతుంది గాని కాయిల్ కరెంటు నెమ్మదిగా చల్లారి తాళం ఒకింత ఆలస్యంగా వదులుతుంది, కాబట్టి ఈఎం లాక్‌కు ఎంఓవీయే మేలు.

సెట్టింగులు

తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలో ఒక్కచోటే నిర్ణయించాలి. కంట్రోలర్ ఉన్నప్పుడు సెన్సర్ టైమర్‌ను అన్నిటికంటే తక్కువకు, అర సెకను లేదా ఒక సెకనుకు పెట్టి, అసలు సమయాన్ని కంట్రోలర్‌లో 5 సెకన్లుగా పెట్టండి. ఆసుపత్రి, వృద్ధులు తిరిగే చోటు, చక్రాల కుర్చీలు వెళ్లే దారి అయితే 8 నుంచి 10 సెకన్లు ఇవ్వాలి. కంట్రోలర్ లేకుండా సెన్సరే నేరుగా లాక్‌ను నడుపుతుంటే ఆ 5 సెకన్లను సెన్సర్‌లోనే పెట్టాలి. రీట్రిగ్గర్ అనే స్విచ్ ఆన్‌లో ఉంటే కదలిక కనిపించిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదలవుతుంది, మనుషులు వరుసగా వెళ్లే తలుపుకు అది అవసరం. తలుపు దగ్గర జనం గుమిగూడి మాట్లాడుకునే చోట దాన్ని ఆపితేనే మంచిది, లేకపోతే ఆ మాటలు ముగిసేదాకా తాళం పడదు.

డోర్ కాంటాక్టు లేకుండా సెన్సర్ సగం పనే చేస్తుంది. ఫ్రేముకు, రెక్కకు బిగించే ఈ అయస్కాంతపు జత తలుపు తెరిచి ఉందో మూసి ఉందో కంట్రోలర్‌కు చెబుతుంది. కార్డు గాని ఎగ్జిట్ సిగ్నల్ గాని లేకుండా తలుపు తెరుచుకుంటే బలవంతపు అలారం, 30 సెకన్లకు మించి తెరిచే ఉంటే మరో అలారం వచ్చేలా పెట్టండి. కొన్ని ఈఎం లాకుల్లో ఉండే బాండ్ సెన్సర్, తాళం గట్టిగా పట్టిందో లేదో చెబుతుంది. తలుపు ఎక్కడుందో చెప్పడానికి మాత్రం డోర్ కాంటాక్టే కావాలి.

హాజరు గురించి ఒక మాట. సెన్సర్‌తో బయటికి వెళ్లిన మనిషి పేరు ఎక్కడా నమోదు కాదు. వెళ్లిన వేళ కూడా కావాలనుకునే సంస్థలు సెన్సర్‌ను, బటన్‌ను తీసేయించి లోపల కూడా రీడర్ ఒక్కటే పెట్టమంటాయి. రీడర్ పెట్టవచ్చు, కాని ఎమర్జెన్సీ రిలీజ్, ఫైర్ కాంటాక్టు లేకుండా ఆ పని ఒప్పుకోకండి. జీతాల లెక్క కోసం మనిషిని గదిలో బంధించే ఏర్పాటుకు సాంకేతిక నిపుణుడు సంతకం పెట్టకూడదు.

పరీక్ష

ముందు ఎల్ఈడీ ఆన్ చేసి నడిచి చూడాలి. మామూలు వేగంతో ఎదురుగా, ఎడమ పక్క నుంచి, కుడి పక్క నుంచి, ఆ తర్వాత చాలా నెమ్మదిగా, చివరికి కుర్చీలో కూర్చుని జరుగుతూ. తలుపు పక్కగా వెళ్లిపోతే ఎల్ఈడీ వెలగకూడదు. ఎండాకాలంలో అయితే ఏసీ ఆపి గది వేడెక్కాక ఇదే పరీక్ష మళ్లీ చేయండి. సెన్సర్ పనిచేసి క్లిక్‌మన్నా తలుపు అతుక్కునే ఉంటే లాక్ పలకను చూడండి. ఆర్మేచర్ పలక (లాక్‌కు అతుక్కునే, రెక్క మీది ఇనుప పలక) మధ్య బోల్టు కింద రబ్బరు వాషర్ ఉండి, పలక చేత్తో నొక్కితే కొద్దిగా కదలాలి. దాన్ని బిర్రుగా బిగిస్తే లాక్ సరిగా పట్టదు. వదిలాక కూడా అతుక్కుంటుంటే పలక మీద తుప్పు పట్టడమో, మిగిలిన అయస్కాంతత్వాన్ని తోసేసే చిన్న స్ప్రింగు బొడిపె ఊడిపోవడమో కారణమై ఉంటుంది.

తర్వాతవి విరగ్గొట్టి చూసే పరీక్షలు, వీటిని యజమానిని గాని భవన మేనేజర్‌ను గాని పక్కన నిలబెట్టుకుని చేయాలి. సెన్సర్ తీగ ఊడదీయండి, తలుపు తెరుచుకోవాలి. కంట్రోలర్ సప్లై తీసేసి ఆకుపచ్చ పెట్టె నొక్కండి, తెరుచుకోవాలి. మెయిన్ ఆపి బ్యాటరీ మీద నడుస్తుండగా ఫైర్ ప్యానెల్‌లో పరీక్ష అలారం ఇప్పించండి, వెంటనే తెరుచుకుని రీసెట్ దాకా అలాగే ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా తాళాన్ని ఆఫ్‌లోనే ఉంచి వైరింగ్ సరిచేశాకే అప్పగించాలి. చేసిన కనెక్షన్ల బొమ్మను, స్విచ్‌ల స్థానాలను ఒక కాగితం మీద గీసి కంట్రోలర్ పెట్టె మూత లోపలివైపు అంటించండి. మూడు నెలలకొకసారి లెన్సును మెత్తని పొడి గుడ్డతో తుడిచి, ఫైర్ పరీక్షను మళ్లీ చేసి, తేదీ అదే కాగితం మీద రాయాలి. బ్యాటరీని మాత్రం రెండు మూడేళ్లకు, పనిచేస్తున్నట్టు కనిపించినా, మార్చేయాలి.